విత్తనం పడినాక పోదాం

నాకు నిదానంగా నడిచే ప్రేమకథలంటే ఇష్టం. మొదటి పేజీలో చూసుకొని, పదో పేజీలో అలిగి, ఇరవయ్యో పేజీకల్లా తాళి కట్టుకునే నవలలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. అంత తొందరేమొచ్చిందప్పా వీళ్లకు అనిపిస్తుంది. అందుకే కళ్యాణదుర్గం లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆమె ఒక లావుపాటి నవల నా ముందు పెట్టి, ఇందులో మూడు వందల పేజీల దాకా ఏమీ జరగదు, తర్వాత నన్ను అనొద్దు అని హెచ్చరిస్తే, వెంటనే తీసి సంచిలో వేసుకున్నాను. ఇది పోయిన ఏరువాకకు ముందు సంగతి. ఆ నవల గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను గానీ మంచి మాటలతో సరిపెట్టడం నా చేత కావడం లేదు. ఆ పుస్తకం చదువుతున్న రోజుల్లోనే నేనొక తప్పు చేశాను. అందులో పుస్తకానికీ కొంచెం పాలుంది.

కథ చిన్నదే. హైదరాబాదులో బ్యాంకులో పనిచేసే నలభై ఏళ్లామె కారు నేర్చుకోవడానికి డ్రైవింగ్ స్కూల్లో చేరుతుంది. నేర్పించే అతను నోట్లో నాలుక లేని మనిషి. క్లచ్ నిదానంగా వదలండి, అద్దంలో చూడండి, ఇంతకు మించి మాట్లాడడు. మూడు వారాల కోర్సు అయిపోతుంది. ఆమెకు లైసెన్సు కూడా వస్తుంది. అయినా రివర్సు సరిగా రావడం లేదని అబద్ధం చెప్పి మళ్లీ చేరుతుంది. అది అబద్ధమని అతనికి తెలుసు. తెలిసీ నెలల తరబడి రివర్సు నేర్పిస్తూ ఉంటాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, ఇద్దరూ ముందున్న రోడ్డునే చూస్తారు. గేరు మీద ఆమె చేయి, హ్యాండ్ బ్రేకు మీద అతని చేయి, మధ్యలో జానెడు జాగా. ఆ జానెడు జాగా గురించి రచయిత్రి నాలుగు పేజీలు రాసింది. ఆ నాలుగు పేజీలూ నేను రెండుసార్లు చదివాను. ఎంత బాగా రాసిందో అనుకుంటూ ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చాను కూడా.

రెండోసారి చదివింది నా కోసం కాదు, మా మేనత్త కోసం. నాయన చెల్లెలు. నేను మా వాళ్లకు ఒక్కతే కూతురిని కాబట్టి నా భర్త ఇల్లరికం వచ్చాడు, మేమిద్దరం కంబదూరు దగ్గర మా ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్నాం. అత్త ఎప్పటి నుంచో ఈ ఇంట్లోనే ఉంది. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసిన మనిషి, మళ్లీ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు డెబ్బై దాటింది. ఐదో తరగతి దాకా చదువుకుంది, దొరికిన కాగితమల్లా చదివేది. రెండేళ్లుగా కళ్లు మసకలు. వేళ్లు మాత్రం చూపు అక్కరలేకుండానే పనిచేస్తాయి.

ఆ వేళ్లతో ఆమె శెనక్కాయలు ఒలిచేది. మెషిన్లో వేస్తే గంటలో అయిపోతుంది, కానీ గింజ మీది ఎర్ర పొట్టు చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని విత్తనానికి మాత్రం మేము ఇంకా చేత్తోనే ఒలుస్తాం. పైగా ఒలిచిన గింజ ఎక్కువ రోజులు నిలవదు. ముందే ఒలిస్తే విత్తనం పాడవుతుంది, ఆలస్యంగా ఒలిస్తే వాన వచ్చి పోతుంది. ఆకాశం చూసి, పడమటి గాలి చూసి, ఇక వస్తుందనుకున్నాక మొదలుపెడతాం. ఆ ఏడు కూడా మబ్బులు పట్టాయి. వరండాలో బస్తాలు విప్పుకొని కూర్చున్నాం. ఊరికే ఒలవడం ఎందుకని నేను మధ్యాహ్నాలు నవల తెచ్చి ఆమెకు చదివి వినిపించడం మొదలుపెట్టాను.

అత్త వినడం నాలాగా కాదు. నేను ఆ జానెడు జాగా దగ్గర కళ్లు మూసుకునే రకం. ఆమెకు అది తగువు తీర్చే పంచాయితీ. అధ్యాయం అయిన ప్రతిసారీ, "వాడు ఇంగా చెప్పల్యానా?" అని అడిగేది. లేదని నేనంటే చేటలో గింజలు విసురుగా పడేవి. వాడికి నోరుందా లేదా అని ఒకరోజు, ఆ పిల్లయినా అడగొచ్చు కదా అని ఇంకొకరోజు. అట్ల చెప్పేస్తే కథేముంది అత్తా, ఆగడంలోనే ఉంది అందం అని నేను పాఠం చెప్పేదాన్ని. "పదును పోతాందని తెలీదా ఆ యప్పకు?" అనేది ఆమె.

పదును అంటే ఇక్కడ అందరికీ తెలుసు. వాన పడ్డాక నేలలో విత్తనం వేయడానికి సరిపడా తడి రెండు మూడు రోజులు ఉంటుంది. ఆ తర్వాత మా ఎర్రనేల ఎండిపోతుంది. మళ్లీ వాన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. నేను ఆ మాటకు నవ్వాను. పుస్తకం పక్కన ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా, నవల గురించి రాసేటప్పుడు పనికొస్తుందని.

ఐదో రోజో ఆరో రోజో, నవలలో ఒక చోటికి వచ్చాం. ఆమె కారు నడుపుతూ ఏడుస్తుంటుంది. అతనికి తెలుస్తుంది. తల తిప్పి ఆమెను చూడాలని ఉన్నా చూడడు, ఎదురుగా లారీ వస్తోంది కాబట్టి. నేను ఆ పేరా చదివి ఆగాను. అత్త చేతులు కూడా ఆగిపోయాయి. అవి ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు చెప్పింది. వాళ్ల నాయన దగ్గర, అంటే మా తాత దగ్గర, ఒకాయన సేద్యగాడుగా ఉండేవాడట. మా కులమే. రెండెకరాల సొంత చేను ఉంది గానీ అది తిండికి చాలక మా ఇంట్లో ఏడాది పనికి కుదిరాడు. అప్పుడు ట్రాక్టర్లు ఎక్కడివి, ఎద్దుల గొర్రుతోనే విత్తేవాళ్లు. ఆయన ఎద్దుల పక్కన పగ్గం పట్టుకొని ముందు నడుస్తాడు, అత్త వెనకాల నడుస్తూ గొర్రు మీది చెక్క గిన్నెలో గింజలు వదులుతుంది. గింజలు సమానంగా పడాలంటే ఇద్దరి అడుగూ ఒకటి కావాలి. ఆయన ఆమె చేతి వేగానికి ఎద్దుల్ని నడిపించేవాడట. ఎట్ల తెలిసేది, వెనక్కి చూసేవాడా అని అడిగాను.

"ఆ యప్ప ఎనక్కి తిరిగి సూసేటోడు కాదు. ముందు సూడకపోతే సాలు వంకర పోతాది. మూడు ఏరువాకలు ఆయన ఈపే సూసినా నేను," అంది అత్త. కాసేపు ఒక కాయను వేళ్ల మధ్య తిప్పింది. "ఒక పొద్దు మాత్రం తిరిగి సూసినాడు."

ఆ సాలు వంకర పోయింది. అప్పుడు ఎవరికీ తెలియలేదు. పది రోజులకు మొలకలు వచ్చాక తెలిసింది. చేనంతా నిటారుగా ఉన్న వరుసల మధ్య ఒక్కటి మాత్రం నడుమ దగ్గర పక్కకు వంగి, మళ్లీ సర్దుకొని పోయింది. దారిన పోయేవాళ్లు చూసి ఎద్దులు బెదిరినాయా అని అడిగేవాళ్లట. ఎద్దులు బెదరలేదని ఇద్దరికే తెలుసు. మా తాత గట్టు మీద నిలబడి దాన్ని చూసి, ఏమీ అనకుండా ఇంటికి వచ్చాడట. కోతల దాకా ఆ వంకర అక్కడే ఉంది, కలుపు తీయడానికి పోయినప్పుడల్లా అత్త ఆ వరుస తనే తీసేది.

నవల నా ఒళ్లోనే ఉంది, నేను దాన్ని మరిచిపోయాను. తర్వాతేమైందత్తా అని అడిగాను. ఇప్పుడు తొందర నాది.

ఆ ఏడే కలుపు రోజుల్లో, వేపచెట్టు కింద సంగటి తినేటప్పుడు, ఆయన ఆమె వైపు చూడకుండా ఒక మాట అన్నాడట. "ఈ తూరి పంట ఇంటికొచ్చినాక మీ నాయన్ను అడుగుతా." అంతే. మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు. ఉత్త చేతులతో పోయి అడగడం ఆయనకు నామోషీ, అంతే. ఆమె సరే అంది. ఆ తూరి పంట రాలేదు, పూత అయి ఊడలు కాయ కట్టడానికి నేలలోకి దిగే సమయానికి వాన మొహం చాటేసింది. మరుసటి ఏడూ రాలేదు. ఆ పై ఏడు విత్తనమే పడలేదు. ఆయన బెంగళూరు పోయి మట్టి పనిలో చేరాడు. అక్కడుండగానే వాళ్లమ్మ పోరి పోరి సంబంధం కుదిర్చింది. మా తాత చనిపోయే ముందు, ఆ పిల్లోడు అడుగుతాడేమోనని సూస్తిని, అడగకపాయె అని అత్తతో అన్నాడట.

పంట వచ్చినాక. మా ఇళ్లల్లో ప్రతిదీ పంట వచ్చినాకే. నాకు చెవులు కుట్టించడం పంట వచ్చినాక, నాయనకు కళ్లద్దాలు పంట వచ్చినాక, అమ్మను కడుపునొప్పికి పెద్దాసుపత్రిలో చూపించడం కూడా పంట వచ్చినాకే. మూడేళ్లకొకసారి వచ్చే పంట మీద మనుషులు బతుకంతా తగిలించి పెట్టుకుంటారు. ఇంకెక్కడైనా మనుషులు ఇట్ల చేస్తారో లేదో నాకు తెలియదు. వేరే చోట్ల పంట వస్తుంది కాబట్టి ఆ మాటకు అర్థం ఉంటుందేమో.

అత్త అక్కడితో ఆపలేదు. ఆయన భార్య పోయి చాలా కాలమైందని, ఇప్పుడు కంబదూరులో కూతురి దగ్గర ఉంటున్నాడని, మంచంలో పడి లేవలేకపోతున్నాడని, సంతకు పోయి వచ్చినామె ఎవరో చెప్పిందట. ఆ మాట తెలిసి నెలయింది. నెలంతా ఎవరితోనూ అనకుండా దాచుకుంది.

"ఒకతూరి సూసొస్తా మ్మే. తోడుకొని పోతావా? నాకు బస్సు బోర్డు కనపడదు," అంది.

కంబదూరు మాకు గంట ప్రయాణం. పొద్దున ఎనిమిదింటికి బస్సు మా ఊరి మలుపులో ఆగుతుంది, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. నేను మబ్బుల వైపు చూశాను, ఒలిచిన గింజల గోతం వైపు చూశాను. "విత్తనం పడినాక పోదాం అత్తా," అన్నాను.

ఆమె తలూపింది. నవలలో మనిషిని అన్ని మాటలన్న మనిషి నన్ను ఒక్క మాట అనలేదు.

నేను అట్ల ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. పని ఉందన్నది నిజమే, వాన ఏ గంటలో వస్తుందో తెలియదన్నదీ నిజమే. కానీ అసలు నిజం వేరే ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె ఆగడం నాకు అందంగా కనిపించింది. ఇన్నేళ్లు ఆగినవాళ్లు, ఇంకో నాలుగు రోజులు ఆగి, వాన పడి, విత్తనం పడి, నేలంతా పచ్చి వాసన వేస్తుండగా కలుసుకుంటారని నేను మనసులో బొమ్మ గీసుకున్నాను. నవల చదివే కళ్లతో మా అత్తను చూశాను. ఆగేవాళ్ల పక్కన కూర్చొని చదివేవాళ్లకు ఆగడం బాగానే ఉంటుంది. పేజీలు ఎన్ని మిగిలాయో వేలు పెట్టి చూసుకోవచ్చు.

వాన రాలేదు. రోజూ మధ్యాహ్నం కమ్ముకొని, నాలుగు చినుకులు రాల్చి, సాయంత్రానికి గాలికి కొట్టుకుపోయేది. అట్ల పదకొండు రోజులు గడిచాయి. ఆ పదకొండు రోజులూ ఎనిమిదింటి బస్సు మా మలుపులో ఆగి పోయింది. ఒకరోజు పొద్దున్నే అత్త తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని వరండాలో కూర్చుంది. నేనే అర్థం చేసుకొని, ఈరోజు తప్పకుండా వచ్చేట్టుంది అత్తా, ఇంటాయన ట్రాక్టరు మాట్లాడి పెట్టినాడు, మనం లేకుంటే ఎట్ల అన్నాను. సరేలే అని లోపలికి పోయి చీర మార్చుకుంది. ఆ రోజూ వాన రాలేదు. నాకు నవల చదవబుద్ధి కాలేదు, ఆమె చదవమనీ అనలేదు. ఇంకా నలభై పేజీలున్నాయి.

పన్నెండో రోజు పొద్దున వాన వచ్చింది. ఆపకుండా మూడు గంటలు దంచి కొట్టింది. ఇక మాకు ఒళ్లు తెలియలేదు. నీళ్లు ఇంకాక నేల తొక్కితే కాలికి అంటీ అంటనట్టు ఉంది, మంచి పదును. రెండు రోజులు ట్రాక్టరు గొర్రుతో ఏడెకరాలు విత్తించాం. నేను గింజలకు మందు కలిపి అందించడం, అన్నాలు మోయడం. అత్త మందు కలపకముందే గుప్పెడు గింజలు తీసి కొంగున కట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు, నాకు తెలుసు.

ఆ మరుసటి రోజు ఎనిమిదింటి బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. దారి పొడుగునా చేలల్లో ట్రాక్టర్లు. ఆమెకు అవి కనిపించవు, చప్పుడు వినిపించినప్పుడల్లా ఎవురి చేను అని అడుగుతూ వచ్చింది. గొంతులో హుషారు ఉంది. అంత హుషారు ఆమెలో నేను చిన్నప్పటి నుంచి చూడలేదు.

కూతురి ఇల్లు సులువుగానే దొరికింది. అరుగు మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. వాకిట్లో ముగ్గు లేదు. నాకు అక్కడే అర్థమైంది. అత్త మాత్రం మసక కళ్లకు ఏమీ కనిపించక, నా చేయి పట్టుకొని మెట్టు ఎక్కింది.

ఆయన వాన పడిన రోజే పోయాడు. కూతురు నలభై ఐదేళ్ల మనిషి, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఉంది. తెల్లవారి వాన చప్పుడుకు కళ్లు తెరిచి, పదునైందా అని అడిగాడట. అయింది నాయనా అంటే, ఎవురు ఇత్తనం పోస్తాండారు అన్నాడట. మతి తప్పి మాట్లాడుతున్నాడని ఆమె నీళ్లు తాపుదామని లోపలికి పోయి వచ్చేసరికి అయిపోయింది. ఇదంతా చెప్పి, మీరెవురమ్మా అని అత్తను అడిగింది.

"మీ నాయన గొర్రు తోల్తాంటే ఎనకాల ఇత్తనం పోసినదాన్ని," అంది అత్త.

ఆయన ఎప్పుడూ చెప్పల్యాదే అంది ఆ కూతురు. అని, పాపం మర్యాదగా లేచిపోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అత్త రెండు గుక్కలు తాగింది. కొంగు ముడి విప్పలేదు. పావుగంట కూర్చొని లేచాం. తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు, ఎవురి చేను అని అడగలేదు. ఏడ్చింది నేను, ఆమెకు తెలియకుండా కిటికీ వైపు తిరిగి.

తొమ్మిదో రోజుకు మొలకలు కనిపించాయి. అత్త చేనికి తీసుకుపొమ్మంది. గట్టు మీద నిలబెట్టాను. సాలు ఎట్లుండాయి అని అడిగింది. ట్రాక్టరు వేసిన వరుసలు ఎట్ల ఉంటాయి, అన్నీ నేరుగా ఉండాయత్తా అన్నాను. ఒక్కటి కూడా వంకర పోలేదా అంది. లేదన్నాను. ఆమె కొంగు విప్పి, ఆ గుప్పెడు గింజలూ గట్టు వారన వేలితో గుంత చేసి ఒక్కొక్కటే పెట్టింది. ఎండిపోయి ఉంటాయి, మొలిచేవి కావని ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వచ్చాక, ఆ పుస్తకం అయిపోగొట్టు అంది. నలభై పేజీలూ ఒకే పూటలో చదివాను. చివరికి అతను చెబుతాడు. ఆమె తన సొంత కారులో అతన్ని పక్కన కూర్చోబెట్టుకొని ఊరి బయటికి తీసుకుపోతుంది. బండి ఆపాక, మీకు రివర్సు ఎప్పుడో వచ్చేసింది, నాకే మిమ్మల్ని వదలడం రాలేదు అంటాడు. ఎంతో బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకు బాధగా ఉంది. చదువుతున్నంతసేపూ అత్త ఎక్కడా అడ్డు రాలేదు, వాణ్ణి తిట్టలేదు. పుస్తకం మూశాక, మొత్తం ఎన్ని దినాలాయ వాళ్లకు అని అడిగింది. లెక్కేసి, రెండేళ్లు అన్నాను.

"రెండేండ్లేనా," అంది.

నేను ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి ఆ తిరుగు బస్సు నుంచీ చెప్పకుండా మోస్తున్నాను. ఇప్పుడే ఎందుకు, మనసు కుదుటపడనీ, పంట వచ్చినాక నిదానంగా చెబుదాంలే అని లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ అనుకున్నదేమిటో నాకు అప్పుడు వినిపించింది. నా మీద నాకే అసహ్యం వేసింది. పుస్తకం పక్కన పెట్టి చెప్పేశాను. "నువ్వు అడిగిన పొద్దే పోయింటే ఆయన్ను చూసిందువు అత్తా. తప్పు నాది."

ఏం లేదులే అంటుందని, నా తల నిమురుతుందని ఆశపడ్డాను. ఆమె నా వైపు తిరిగింది. మసక కళ్లతో నా మొహం ఎక్కడుందో వెతుక్కుంది.

"అవు," అంది. "పోయింటే బాగుండె."